డెబ్బై రెండు గంటల మాట: ఆగిన గుండె తిరిగి కొట్టుకున్నాక ఒక కుటుంబంతో పదిహేను రోజులు (కేస్ స్టడీ)

ఫిబ్రవరిలో ఒక తెల్లవారుజామున, ప్రకాశం జిల్లా కొండపి ప్రాంతంలోని ఒక పల్లె నుంచి 63 ఏళ్ళ పొగాకు రైతును 108 అంబులెన్సులో టంగుటూరు మీదుగా ఒంగోలుకు, నేను ఐసీయూ వైద్యుడిగా పనిచేస్తున్న ఆసుపత్రికి తీసుకువచ్చారు. అవి బ్యారన్లు, అంటే పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే కొట్లు, కాలే రోజులు. పొయ్యిలో మంట చల్లారకుండా, లోపల వేడి హద్దు దాటకుండా రాత్రంతా ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. రాత్రి 2:30 ప్రాంతంలో ఆయన పొయ్యిలోకి కట్టెలు ఎగదోస్తూనే పక్కకు ఒరిగిపోయారు. తోడున్న కూలీ, ఆయన కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం, గొంతులోంచి గురకలాంటి శబ్దం రావడం చూసి, మూర్ఛ వచ్చిందనుకుని చేతిలో తాళాల గుత్తి పెట్టి, ముఖాన నీళ్ళు చల్లి, ఊళ్ళోకి పరుగెత్తాడు. గుండె ఆగిన తొలి క్షణాల్లో మెదడుకు రక్తం అందక ఇలాంటి కుదుపులు, ఇలాంటి ఎగశ్వాస రావడం మామూలే. వాటిని చూసి ప్రాణం ఉందని నమ్మి ఛాతీ నొక్కకపోవడమూ అంతే మామూలుగా జరుగుతుంది. పక్కింట్లో నర్సింగ్ చదువుతున్న అమ్మాయి వచ్చి నాడి చూసి ఛాతీ నొక్కడం మొదలుపెట్టేసరికి దాదాపు 10 నిమిషాలు గడిచాయి. ఆ అమ్మాయి అలసిపోతూ కూడా ఆపలేదు. తర్వాత 108 సిబ్బంది రెండు షాకులు ఇచ్చారు. సీపీఆర్ మొదలైన 24 నిమిషాలకు నాడి తిరిగి అందింది.

కుటుంబ సభ్యుల అనుమతితో ఈ కేసు రాస్తున్నాను. వాళ్ళను గుర్తుపట్టే వీలున్న వివరాలను కొన్ని మార్చాను. వైద్యపరమైనవి, మాటలకు సంబంధించినవి మార్చలేదు, ఎందుకంటే ఈ కేసులో నేర్చుకోవలసింది ఎక్కువగా మాటల్లోనే ఉంది.

ఈసీజీలో భారీ గుండెపోటు కనిపించింది. గుండె ముందు భాగానికి రక్తం తీసుకువెళ్ళే ప్రధాన ధమని పూర్తిగా మూసుకుపోయి ఉంటే, కార్డియాలజిస్టు తెల్లవారేలోగా యాంజియోప్లాస్టీ చేసి స్టెంట్ వేశారు. స్టెంట్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద జరిగింది. ఉదయం 7 గంటలకు ఆయన వెంటిలేటర్ మీద, మత్తుమందు మీద, నిలకడైన రక్తపోటుతో ఐసీయూలో ఉన్నారు. గుండె పంపింగ్ 40 శాతం ఉంది. ఇంత పెద్ద గుండెపోటు తర్వాత అది చెడ్డ అంకె కాదు.

కుటుంబానికి గుండె గురించి మేం చెప్పగలిగిందంతా శుభవార్తే. ఆగిన గుండె కొట్టుకుంటోంది, మూసుకుపోయిన నాళం తెరుచుకుంది, బీపీ బాగుంది. అయితే ఆ 10 నిమిషాలు రక్తం అందనిది మెదడుకు. నాలుగైదు నిమిషాలకు మించి రక్తం అందకపోతే మెదడు కణాలు దెబ్బతినడం మొదలవుతుంది. గుండె కోలుకోవడం మానిటర్ మీద అందరికీ కనిపిస్తుంది. మెదడుకు తగిలిన దెబ్బ ఎవరికీ కనిపించదు. ఈ రెంటి మధ్య ఉన్న దూరమే ఆ తర్వాతి పదిహేను రోజుల చిక్కుకు మూలం.

మొదటి రోజు నేను అన్న మాట

ఆ ఉదయం ఐసీయూ బయట నిలబడి ఉన్న ఆయన అన్నగారితో, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ అప్పుడే కారులో బయలుదేరిన కొడుకుతో ఫోనులో, నేను ఒకే వాక్యం చెప్పాను: "72 గంటలు గడిస్తేగానీ మెదడు సంగతి చెప్పలేం."

వైద్యశాస్త్రం ప్రకారం అందులో తప్పు లేదు. గుండె తిరిగి కొట్టుకున్నాక కనీసం 72 గంటలు ఆగి, మత్తుమందుల ప్రభావం పోయిందని నిర్ధారించుకున్నాకే మెదడు భవిష్యత్తు గురించి ఒక అంచనాకు రావాలని యూరోపియన్ రిససిటేషన్ కౌన్సిల్ 2021 మార్గదర్శకాలు చెబుతాయి. ముందే తొందరపడి "ఇక లాభం లేదు" అంటే, కోలుకోగలిగిన మనిషిని చేజేతులా పోగొట్టుకునే ప్రమాదం ఉంటుంది. ఆ జాగ్రత్త కోసం చెప్పే గడువు అది.

కానీ వాళ్ళు విన్నది వేరు. 'ఇన్ని గంటలు గడిస్తేగానీ చెప్పలేం' అన్న మాటను మన వాళ్ళు చిన్నప్పటి నుంచి సినిమాల్లో వింటూ వచ్చారు. ఆ మాట తర్వాత వచ్చే సన్నివేశంలో రోగి కళ్ళు తెరుస్తాడు. 72 గంటలు అంటే ఒక గండం, అది దాటితే గట్టెక్కినట్టే అని ఆ కుటుంబం అర్థం చేసుకుంది. ఊళ్ళో రామాలయంలో మూడు రోజుల భజన పెట్టుకున్నారని నాకు తర్వాత తెలిసింది. నేను చెప్పింది పరీక్ష జరిగే రోజు. వాళ్ళు విన్నది ఫలితం వచ్చే రోజు, అదీ మంచి ఫలితం.

రెండో రోజు మధ్యాహ్నం, అంటే దాదాపు 35 గంటలకు, ఆయన ముఖంలో, భుజాల్లో, పొట్టలో ఆగకుండా కుదుపులు మొదలయ్యాయి. మేము మయోక్లోనస్ అంటాం. కుదుపులన్నీ ఒకటి కావు. కొద్దిమందిలో ఇలాంటివి ఉన్నా తర్వాత మంచి కోలుకోలు ఉంటుంది. అందుకే మెదడు విద్యుత్తును నమోదు చేసే ఈఈజీ తీయకుండా వాటి అర్థం చెప్పకూడదు. ఈయనలో అవి అరగంటకు మించి నిరంతరం వచ్చాయి, ఈఈజీలో మెదడు విద్యుత్తు చాలాసేపు అణగిపోయి మధ్యలో ఒక్కసారిగా ఎగసే తీరు కనిపించింది. మందులు మొదలుపెట్టాం. సందర్శన వేళలో లోపలికి వచ్చిన అన్నగారు ఆ కుదుపులు చూసి బయటికి వెళ్ళి, "మా తమ్ముడు కదులుతున్నాడు" అని అందరికీ చెప్పారు. నేను ఆ సాయంత్రం వేరే అత్యవసర కేసులో ఉండి వాళ్ళతో మాట్లాడలేదు. ఆ ఒక్క సాయంత్రం మౌనం నాకు తర్వాత చాలా ఖరీదైంది.

నాలుగో రోజు ఉదయం 72 గంటలు నిండాయి. అప్పుడు కూడా నేను ఏమీ చెప్పలేకపోయాను. కారణం మూత్రపిండాలు. రక్తప్రసరణ ఆగిన సమయంలో దెబ్బ తగిలి, కిడ్నీల పని తగ్గేకొద్దీ రక్తంలో పెరిగే క్రియాటినిన్ 2.6 దాకా వెళ్ళింది. మత్తుమందును 48 గంటలకే ఆపినా, కిడ్నీలు సరిగా పనిచేయనప్పుడు ఆ మత్తుమందు మిడజోలమ్, దాని నుంచి పుట్టే పదార్థాలు ఒంట్లో నిలిచిపోతాయి. ఆ మత్తులో ఉన్న మనిషి స్పందించకపోతే అది మందు వల్లా, మెదడు దెబ్బ వల్లా అని తేల్చలేం. ఇంకో రెండు రోజులు ఆగాలన్నాను. కొడుకు నా ముందు నిలబడి అన్న మాట: "మీరే కదా సార్ 72 గంటలన్నారు. ఇప్పుడు ఇంకో రెండు రోజులంటున్నారు. బిల్లు పెరగడానికా?"

ఆ కోపంలో తప్పు లేదు. వెంటిలేటర్ మీద ఉన్న ప్రతి రోజుకూ ఒక ఖర్చు ఉంటుంది, ఆ కుటుంబానికి కౌలు బాకీ ఉంది, బ్యారన్‌లో సగం కాలిన ఆకు ఉంది. డబ్బు గురించి మాట్లాడే కుటుంబాన్ని ప్రేమ తక్కువైన కుటుంబంగా చూడడం మా వృత్తిలో కొందరికి అలవాటు. అది అన్యాయం. రోజువారీ ఖర్చు, పథకం కిందకు వచ్చేది, రానిది ఆ రోజే కూర్చోబెట్టి కాగితం మీద రాసి ఇచ్చాం. ఆ పని మొదటి రోజే చేసి ఉండవలసింది.

ఆరో రోజు: పరీక్షలు, తప్పు గదిలో సరైన మాటలు

ఆరో రోజుకు క్రియాటినిన్ 1.7కు దిగింది. మత్తు ఆపి మూడు రోజులైంది. కనుపాపలు వెలుతురుకు నెమ్మదిగా స్పందిస్తున్నాయి, ఆయన వెంటిలేటర్‌ను తానే ప్రేరేపించి శ్వాస తీసుకుంటున్నారు. కానీ నొప్పి కలిగించినా చేతులు లోపలికి అసహజంగా ముడుచుకోవడం తప్ప మరే స్పందనా లేదు. రెండో ఈఈజీ మొదటిదానికంటే మెరుగ్గా లేదు. ఎంఆర్ఐలో మెదడు పైపొర అంతటా ఆక్సిజన్ అందని దెబ్బ స్పష్టంగా కనిపించింది. బయటి ల్యాబుకు పంపిన 72 గంటల రక్త నమూనాలో, దెబ్బతిన్న నాడీకణాల నుంచి రక్తంలోకి చేరే ఎన్ఎస్ఈ లీటరుకు 60 మైక్రోగ్రాములు దాటింది. మా జిల్లా స్థాయి ఆసుపత్రిలో నరాల స్పందనను నమోదు చేసే ఎస్ఎస్ఈపీ పరీక్ష లేదు. అయినా మార్గదర్శకాలు కోరే కనీసం రెండు ప్రతికూల సూచనల స్థానంలో ఇక్కడ నాలుగు ఉన్నాయి: నిరంతర కుదుపులు, ఈఈజీ, ఎంఆర్ఐ, ఎన్ఎస్ఈ. ఒక్క పరీక్ష మీద ఆధారపడి ఇలాంటి మాట చెప్పకూడదు. నాలుగూ ఒకే దిక్కు చూపుతున్నప్పుడు చెప్పకుండా దాటవేయనూ కూడదు.

ఆ సాయంత్రం మొదటి కుటుంబ సమావేశం జరిగింది. అన్నగారు, కొడుకు, ఆయన బావమరిది వచ్చారు. అమెరికాలో టెక్సాస్‌లో ఉన్న కూతురు వీడియో కాల్‌లో ఉంది. వీసా చిక్కు వల్ల ఆమె రాలేని పరిస్థితి. మొదట నేను మాట్లాడకుండా, "మీకు ఇప్పటిదాకా ఏం తెలిసిందో చెప్పండి" అని అడిగాను. గుండె బాగైందని, మెదడు "నీరసించిందని", ఫిజియోథెరపీతో కోలుకుంటారని చెప్పారు. నీరసించింది అన్న మాట మా సిబ్బందిలోనే ఎవరో వాడినట్టున్నారు. మెత్తగా చెప్పాలన్న మంచి ఉద్దేశంతోనే వాడి ఉంటారు, కానీ నీరసించినది బలపడుతుందనే కదా ఎవరైనా అనుకుంటారు.

నేను మెల్లగా, కానీ చుట్టూ తిప్పకుండా చెప్పాను. ఆయన మెదడులో మనిషిని మనిషిగా నిలిపే భాగం, అంటే మాట, జ్ఞాపకం, మనుషుల్ని గుర్తుపట్టడం ఉండే భాగం, చాలా ఎక్కువగా దెబ్బతింది. శ్వాసను నడిపే కింది భాగం మిగిలింది. ఆయన కళ్ళు తెరిచే అవకాశం ఉంది, కానీ ఆ కళ్ళ వెనక మిమ్మల్ని చూసే స్పృహ తిరిగి వస్తుందని మేము అనుకోవడం లేదు.

కూతురు వెంటనే అంది: "నిన్న నేను ఫోన్‌లో మాట్లాడుతుంటే నాన్న కళ్ళలో నీళ్ళొచ్చాయి డాక్టర్ గారూ. నర్స్ కూడా చూశారు." నిజమే, నీళ్ళు వచ్చాయి. రెప్పలు పూర్తిగా మూతపడని కంట్లో నీరు ఊరుతుందని, అది అసంకల్పితంగా జరుగుతుందని నేను వివరించగలను. అప్పుడు వివరించలేదు. "మీరు మాట్లాడుతున్నప్పుడే అది కనిపించడం మీకు ఎంత బరువుగా ఉందో అర్థమవుతోంది" అని మాత్రం అన్నాను. వివరణ తర్వాతి రోజు ఇచ్చాను. ఏడుస్తున్న మనిషికి శరీరధర్మశాస్త్రం చెబితే అది వినపడదు. పైగా తండ్రి చివరి సంకేతాన్ని మనం లాక్కున్నట్టు ఉంటుంది.

కొడుకు అవయవదానం గురించి అడిగాడు. జీవన్‌దాన్ వార్తలు పత్రికల్లో చూశాడు. ఆయనది బ్రెయిన్ డెత్ కాదని చెప్పాను. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం నలుగురు వైద్యుల బృందం కనీసం 6 గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి మెదడు కాండం, అంటే శ్వాసను నడిపే ఆ కింది భాగం, పూర్తిగా ఆగిపోయిందని తేలిస్తేనే అది బ్రెయిన్ డెత్. ఈయన తానే శ్వాస తీసుకుంటున్నారు. "అంటే బతికే ఉన్నారు కదా" అన్నారు అన్నగారు. బతికే ఉన్నారని చెప్పాను. అది దాచవలసిన మాట కాదు.

ఏ నిర్ణయానికీ రాలేదు. కూతురు ఇంకా కొన్ని రోజులు చూడాలంది. పదో రోజు వరకు అన్ని చికిత్సలూ కొనసాగిద్దామని, ఆ రోజు మళ్ళీ పరీక్షించి కూర్చుందామని, అప్పటిదాకా గొంతుకు రంధ్రం చేసే ట్రాకియాస్టమీ వాయిదా వేద్దామని, గుండె మళ్ళీ ఆగితే సీపీఆర్ చేయవద్దని మాత్రం అనుకున్నాం. గడువు పెట్టి చేసే ఇలాంటి ప్రయత్నం దూరాన ఉన్న బిడ్డలకు చాలా అవసరం. వాళ్ళు చూడని రోజుల్ని వాళ్ళు నమ్మలేరు. ఈసారి పదో రోజు అంటే ఏమిటో మూడు వాక్యాల్లో రాసి ఇచ్చాను: ఆ రోజు మేము పరీక్ష చేస్తాం, మెరుగు ఉంటే ఫలానా ఫలానా కనిపిస్తాయి, కనిపించకపోతే ఏం చేయాలో కలిసి మాట్లాడుకుంటాం.

గది నుంచి బయటికి వస్తుంటే, వరండాలో స్టీలు క్యారియర్ పక్కన పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చున్న ఒకావిడ లేచి నిలబడింది. ఆయన భార్య. ఆరు రోజులుగా అక్కడే ఉంది. ఆమెను లోపలికి పిలవాలని నాకూ తోచలేదు, ఇంటి మగవాళ్ళకూ తోచలేదు.

పదో రోజు: ఆమె మాట

పదో రోజు పరీక్షలో మార్పు లేదు. ఈసారి సమావేశానికి ముందుగా ఆమెను పిలిచి కూర్చోబెట్టాము, పక్కన ఐసీయూ నర్సు కూర్చుంది. అన్నగారు మొదలుపెట్టబోతే, "పెద్దాయనా, ముందు అమ్మగారి మాట విందాం, తర్వాత మీ మాట" అన్నాను. ఆయన ఒప్పుకున్నారు. ఇంటి పెద్దను పక్కకు నెట్టకుండా ఇంటి ఇల్లాలిని ముందుకు తేవడం మన దగ్గర మెలకువతో చేయవలసిన పని. ఇంటి పెద్దకు మర్యాద తగ్గితే ఆ తర్వాత ఏ నిర్ణయమూ ఆ ఇంట్లో నిలవదు.

ఇలాంటి చోట మామూలుగా మేము అడిగే ప్రశ్న, నేనూ ఏళ్ళ తరబడి అడిగిన ప్రశ్న, "వెంటిలేటర్ ఉంచమంటారా, తీసేయమంటారా?" అన్నది. అంతకంటే క్రూరమైన ప్రశ్న ఇంకొకటి లేదని నేను ఇప్పుడు అనుకుంటున్నాను. ఒక కొడుకును తండ్రి ప్రాణం మీద ఓటు వెయ్యమనడం అది. వైద్యం తెలిసిన మేము మా అభిప్రాయాన్ని దాచుకుని, వైద్యం తెలియని వాళ్ళ చేత సంతకం పెట్టించుకోవడం అది. పదో రోజు నేను ఆమెను అడిగింది వేరు: "అమ్మా, ఆయన ఎలాంటి మనిషి? ఇలాంటి జబ్బులు వచ్చిన వాళ్ళను చూసినప్పుడు ఆయన ఏమనేవారు?"

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. మేమూ మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. "మా అత్తని మూడేళ్ళు మంచాన పెట్టుకుని చేశాం సార్. పక్షవాతం. పక్క మార్చేటప్పుడల్లా ఆయన బయటికిపోయి వేపచెట్టు కింద నిలబడేవాడు. చూడలేడు. నాకిట్టా వస్తే మాత్రం చెయ్యొద్దే, నన్నిట్టా పెట్టొద్దే అనేవాడు. ఊరికే అన్నాడో, నిజంగానే అన్నాడో... మూడేళ్ళూ అన్నాడు."

కొడుకు తలవంచుకున్నాడు. అన్నగారు కండువాతో కళ్ళొత్తుకుని, "మా అమ్మ పోయినరోజు నాతో కూడా అన్నాడు" అన్నారు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఆరోగ్యంగా ఉన్నప్పుడు మనిషి ఊరికే అనే మాటలు ఎన్నో ఉంటాయి. ఒక్కసారి విసుగులో అన్న మాటను పట్టుకుని ప్రాణానికి సంబంధించిన నిర్ణయం తీసుకోకూడదు. ఈ మాటను నేను బరువుగా తీసుకోవడానికి కారణాలున్నాయి: అది మూడేళ్ళ పాటు పదేపదే అన్నది, కళ్ళెదుట అచ్చంగా ఇలాంటి స్థితినే చూస్తూ అన్నది, ఇద్దరితో వేర్వేరుగా అన్నది. రాతపూర్వకమైన లివింగ్ విల్, అంటే తాను చెప్పలేని స్థితిలో ఏ చికిత్స వద్దో ముందే రాసి ఉంచే పత్రం, ఉంటే ఇంకా బాగుండేది. 2023 నుంచి దాన్ని నోటరీ ముందు గానీ గెజిటెడ్ అధికారి ముందు గానీ సంతకం చేసి ఉంచుకోవచ్చు. కానీ మన పల్లెల్లో లివింగ్ విల్ వేపచెట్టు కింద అన్న మాట రూపంలోనే ఉంటుంది, దాన్ని అడిగి తెలుసుకోవడం మా పని.

అప్పుడు నా సలహా నేను చెప్పాను, ప్రశ్నలాగా కాకుండా సలహాలాగా: "మీరు ఇప్పుడు ఆయన మాటను మాకు చేర్చారు. ఆయన స్పృహలోకి రారని మా అంచనా. ఆయన వద్దన్న స్థితే ఇది. అందుకని గొంతుకు రంధ్రం చేసి నెలల తరబడి ఇలా ఉంచడం వద్దని, వెంటిలేటర్ గొట్టం తీసి బాధ లేకుండా చూసుకోవడం మంచిదని వైద్యులుగా మేము అంటున్నాం. ఈ నిర్ణయం బరువు మీది కాదు." కూతురు ఫోనులో వింటూనే ఉంది. ఆమె ఒప్పుకున్నానని అనలేదు. "అమ్మ చెప్పింది నిజమే" అంది.

అన్నగారు అడిగింది ఆచరణకు సంబంధించినది: "అయితే ఇప్పుడే ఇంటికి తీసుకుపోతాం. ప్రాణం ఇంటి దగ్గరే పోవాలి." ఊరి బయట పోయిన మనిషిని ఇంట్లోకి తేకూడదన్న పట్టింపు మా ప్రాంతపు పల్లెల్లో చాలా కుటుంబాల్లో ఉంది. ఈ పట్టింపు వల్లే ఎందరో కుటుంబాలు వైద్యుల సలహాకు విరుద్ధంగా వెళ్తున్నామని సంతకం పెట్టి, చేత్తో శ్వాస అందించే అంబు బ్యాగ్ నొక్కుతూ అంబులెన్సులో రోగిని తీసుకువెళ్ళి, ఇంటి గుమ్మం దగ్గర గొట్టం తీయిస్తారు. ఐసీయూల్లో మేము దీన్ని 'లామా' అంటాం. ఆ చివరి గంటల్లో ఆయాసానికి మందు ఉండదు, నర్సు ఉండదు, ఏం జరుగుతుందో చెప్పేవాళ్ళు ఉండరు. చాలాసార్లు ఆ సంతకం నిజంగా సలహాకు విరుద్ధం కూడా కాదు. ఎవరమూ ధైర్యం చేసి సలహా ఇవ్వకపోవడం వల్ల ఆ కుటుంబం ఒంటరిగా వెతుక్కున్న దారి అది. నేను అలా పంపిన కుటుంబాలు నాకు గుర్తున్నాయి. ఈసారి అలా పంపదలచుకోలేదు. రెండు మూడు రోజులు ఆగితే చట్టం ప్రకారమే, మందులతో, మర్యాదగా ఇంటికి పంపుతామని మాట ఇచ్చాను.

చట్టం అడిగే పనులు

"ఇది మెర్సీ కిల్లింగ్ కాదా?" అని బావమరిది అడిగారు. మందు ఇచ్చి ప్రాణం తీయడం మన దేశంలో నేరం. కోలుకునే ఆశ లేనప్పుడు కృత్రిమ యంత్రాన్ని తొలగించి, జబ్బును దాని దారిన వదిలి, బాధ లేకుండా చూసుకోవడం వేరు. దీన్ని సుప్రీంకోర్టు 2018 మార్చి 9న కామన్ కాజ్ కేసులో అనుమతించింది. అప్పటి పద్ధతి ఎంత కష్టమైనదంటే, కలెక్టరు బోర్డు వేయాలి, మేజిస్ట్రేటు స్వయంగా వచ్చి చూడాలి. 2023 జనవరి 24న కోర్టు దాన్ని సడలించింది. ఇప్పుడు చికిత్స చేస్తున్న వైద్యుడు, కనీసం 5 ఏళ్ళ అనుభవం ఉన్న ఇద్దరు నిపుణులు కలిసి ప్రాథమిక బోర్డు. దానిలో లేని మరో ఇద్దరు నిపుణులు, జిల్లా ముఖ్య వైద్యాధికారి నియమించే ఒక వైద్యుడు కలిసి రెండో బోర్డు. ఒక్కో బోర్డు వీలైనంత వరకు 48 గంటల్లో అభిప్రాయం చెప్పాలి. రెండు బోర్డులూ, కుటుంబమూ ఒప్పుకుంటే, అమలుకు ముందు జుడీషియల్ ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటుకు ఆసుపత్రి తెలియజేయాలి.

పదకొండో రోజు మొదటి బోర్డు, పన్నెండో రోజు రెండో బోర్డు కూర్చున్నాయి. మేజిస్ట్రేటుకు లేఖ వెళ్ళింది. ఒంగోలు లాంటి ఊళ్ళో ఇది కుదరదని నేను ఏళ్ళుగా నమ్మాను. ఎవరూ మొదలుపెట్టకపోవడం తప్ప వేరే అడ్డంకి కనిపించలేదు.

అంగీకార పత్రం దగ్గర కొడుకు కలం పట్టుకుని ఆగిపోయాడు. "సంతకం నేను పెడితే నేనే చేసినట్టు కదా సార్." మేము పత్రం క్రమాన్ని మార్చాం. పైన వైద్యుల నిర్ధారణ, సలహా, మా సంతకాలు. దాని కింద, రోగి గతంలో ఏమన్నారో భార్య, అన్నగారు చెప్పిన మాటలు వాళ్ళ మాటల్లోనే. ఆ కింద, "పై సలహా మాకు వివరించారు, అంగీకరిస్తున్నాం" అని అందరూ కలిసి. మొదటి సంతకం అన్నగారు పెట్టారు, తర్వాత ఆమె, చివర కొడుకు. చిన్న మార్పే, కానీ ఆ కాగితం తర్వాత ఆ ఇంట్లో బీరువాలో ఉంటుందని, ఏళ్ళ తర్వాత కొడుకు దాన్ని తీసి చదువుకుంటాడని మేము గుర్తుంచుకోవాలి.

గొట్టం తీసిన తర్వాత

గొట్టం తీయడానికి ముందు రోజు నేను ఎక్కువ సేపు మాట్లాడింది ఒకే విషయం మీద: తీసిన వెంటనే ప్రాణం పోకపోవచ్చు. మెదడు కాండం పనిచేస్తోంది కాబట్టి ఆయన తానే శ్వాస తీసుకుంటారు. అది కొన్ని గంటలు కావచ్చు, రోజులు కావచ్చు. శ్వాసలో గురగుర వినిపిస్తుంది, వినేవాళ్ళకు అది భయంగా ఉంటుంది. ఆయనకు ఆయాసం కలగకుండా మార్ఫిన్, గొంతులో నీరు తగ్గడానికి గ్లైకోపైరోలేట్ ఇస్తాం. ఇది ముందే చెప్పని ఒక పాత కేసులో, గొట్టం తీశాక రోగి శ్వాస తీసుకోవడం చూసి, "డాక్టర్లు అబద్ధం చెప్పారు, బతికే మనిషిని చంపబోయారు" అని ఆ కుటుంబం కుప్పకూలిపోవడం నేను చూశాను.

పదమూడో రోజు ఉదయం, భార్య, కొడుకు పక్కన ఉండగా గొట్టం తీశాం. ముందుగా అలారాలు ఆపాం, మానిటర్ తెర ఆపాం. అప్పటిదాకా అందరి కళ్ళూ ఆ తెర మీదే ఉండేవి, అప్పుడు ఆయన ముఖం మీదికి వచ్చాయి. ఆయన శ్వాస తీసుకుంటూనే ఉన్నారు. కొడుకు నా వైపు చూశాడు. "మీరు చెప్పినట్టే" అన్నాడు.

మందులకు, కొద్దిపాటి నీళ్ళకు ముక్కులోని రైల్స్ ట్యూబును ఉంచాం. 2014లో మాదకద్రవ్యాల నియంత్రణకు ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టాన్ని సవరించాక, గుర్తింపు పొందిన వైద్య సంస్థలు మార్ఫిన్‌ను ఇలాంటి రోగులకు ఇవ్వడం సులువైంది; మా దగ్గర ఆ గుర్తింపు ఉండడం వల్లే ఇంటికి పంపగలిగాం. పద్నాలుగో రోజు ఉదయం ఆయన ఇంటికి వెళ్ళారు. మా నర్సు వెంట వెళ్ళి, ఏ మందు ఎప్పుడు ఎంత ఇవ్వాలో, పక్క ఎలా మార్చాలో, తడి దూదితో పెదవులు, నాలుక ఎలా తడపాలో చూపించి వచ్చింది. పదిహేనో రోజు రాత్రి ఇంట్లో పోయారు. అన్నగారు తులసి తీర్థం పోశారట.

తర్వాత

పెద్దకర్మ అయ్యాక కొడుకు, భార్య వచ్చారు. పంచాయతీలో మరణ నమోదుకు ఆసుపత్రి కాగితం కావాలన్నారు. అది ఇచ్చాక ఆమె కూర్చునే ఉంది. "ఆయన అన్నమాట మీకు చెప్పకుండా ఉంటే, ఇంకొన్నాళ్ళు ఉండేవాడా సార్?"

లేదని చెప్పడం తేలిక. అది అబద్ధం. "ఉండి ఉండేవారమ్మా. గొంతులో గొట్టంతో, మంచం మీద, కొన్ని నెలలు. మిమ్మల్ని పేరు పెట్టి పిలిచేవారు కాదు" అన్నాను. ఆమె తల ఊపి, "అదే మాట మా అమ్మాయికి చెప్పండి" అని ఫోను కలిపింది.

టెక్సాస్‌లో అప్పుడు అర్ధరాత్రి. కూతురు ఎంఆర్ఐ గురించి గానీ, బోర్డుల గురించి గానీ అడగలేదు. "ఇంటికి తీసుకెళ్ళాక ఆ రెండు రోజులూ నాన్నకి దాహం వేసి ఉంటుందా?" అని అడిగింది. దాహాన్ని తెలుసుకునే మెదడు భాగం ఆయనలో పనిచేయడం లేదని, అయినా నోరు ఎండిపోకుండా తడుపుతూ ఉండమని చెప్పి పంపామని, ట్యూబులో కొద్దిగా నీళ్ళు వెళ్తూనే ఉన్నాయని చెప్పాను.

"అమ్మ తడిపిందా?"

ఫోను ఆమె చేతికి ఇచ్చాను. "గంటగంటకీ తడిపానమ్మా" అంది. "రాత్రి కూడా. బ్యారన్ దగ్గర లేచినట్టే లేచాను."